మూడో గుంపులో ఐదో అంకె

మీలో ఎవరైనా ఆఫీసు కంప్యూటరుకు తాళం వేసి, దాని చెవి ఎక్కడుందో తనకు ఒక్కడికే తెలుసని లోలోపల సంతోషపడుతూ ఉంటే, ఈ నాలుగు పేజీలు వారి కోసం. నేనూ అలాగే నాలుగేళ్ళు సంతోషపడ్డాను. ఆ సంతోషం ఒక శుక్రవారం మధ్యాహ్నం దిగడం మొదలై ఆదివారం సాయంత్రానికల్లా ఎలా పూర్తిగా పోయిందో రాస్తాను. వేళలన్నీ నా డైరీల్లో ఉన్నవే. పేర్లు మాత్రం రాయను. వాళ్ళంతా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు, నేను నరసరావుపేట బజారులో కనిపిస్తే ఆగి పలకరిస్తారు. ఆ పలకరింపు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడిందా, ఎవరు సెలవు పెట్టారు, ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఏ కాగితం ఏ ఫైలులోకి వెళ్ళింది. మా ఇంట్లో దీన్ని పోలీసు స్టేషను పుస్తకం అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా సబ్ ట్రెజరీలో పని చేశాను. అక్కడ స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు. ఒక చెవి ఒక ఉద్యోగి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. ఇద్దరూ వచ్చి నిలబడితే తప్ప తలుపు తెరుచుకోదు. డబుల్ లాక్ అనేవాళ్ళం. ఇద్దరిలో ఎవరినీ నమ్మడం లేదని దాని అర్థం. అయినా ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఆ పద్ధతి నా ఒంట్లోకి ఇంకిపోయింది.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక పిడుగురాళ్ల దగ్గర, సున్నపు బట్టీల మధ్య ఉన్న ఒక చిన్న ధర్మాసుపత్రిలో రికార్డుల పనికి చేరాను. బట్టీల్లో, రాయి క్వారీల్లో పని చేసేవాళ్ళకు ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీసి, ఆ బొమ్మలు వరసగా దాచడం అక్కడి పద్ధతి. ఒక్క బొమ్మ చూస్తే ఏమీ తెలియదు. ఏడెనిమిదేళ్ళవి పక్కపక్కన పెడితే, దుమ్ము మనిషిని ఎట్లా తిన్నదో డాక్టరు కాని నాకు కూడా తెలిసేది.

నేను చేరిన అయిదో ఏట ఒక సంగతి జరిగింది. ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించిన పద్నాలుగు మంది పేర్ల జాబితా బయటికి పొక్కింది. వారం తిరక్కుండానే వాళ్ళలో నలుగురిని ఒక బట్టీవాళ్ళు పనిలోకి రావద్దన్నారు. దగ్గే మనిషిని ఉంచుకుంటే రేపు ఆ దగ్గు తమ మెడకు చుట్టుకుంటుందని వాళ్ళ భయం. ఆ జాబితా చూసినవాళ్ళం ముగ్గురమే. డాక్టరు గారు, నేను, నా కింద రికార్డులు చూసే ఆవిడ. డాక్టరు గారిని అనుమానించే ధైర్యం నాకు లేదు. నన్ను నేను అనుమానించుకునే అలవాటు లేదు. మిగిలింది ఆవిడ. పైగా ఆవిడ తమ్ముడు అదే బట్టీకి లారీ నడుపుతాడు. రుజువు లేదు కాబట్టి పైకి ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడ ఎన్నింటికి వచ్చింది, ఎవరితో ఫోన్ మాట్లాడింది, సంచిలో ఏం పెట్టుకుంది, అన్నీ నా డైరీలోకి ఎక్కాయి. నలభై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఆదివారం చర్చిలో పాటలు పాడిస్తుంది. అది కూడా రాశాను, నాకు అనుకూలంగా కాకపోయినా.

ఆ తర్వాత డాక్టరు గారు కొత్త కంప్యూటరు కొని, పాత బొమ్మలన్నీ అందులోకి ఎక్కించి, డిస్కుకు తాళం వేయించారు. ఆ పని చేసినతను గుంటూరు నుంచి వచ్చాడు. ఇకపై డిస్కు మొత్తం ఎవరూ చదవలేని రాతగా ఉంటుందని, దాన్ని ఊడబీకి ఇంకో మిషన్‌కు తగిలించినా ఏమీ కనబడదని చెప్పాడు. రోజూ మామూలుగానే తెరుచుకుంటుంది. తనలో ఏదో మారిందని మిషన్‌కు అనుమానం వస్తే మాత్రం నలభై ఎనిమిది అంకెల సంఖ్య అడుగుతుంది, అది చెప్పలేకపోతే దేవుడు కూడా తెరవలేడన్నాడు. మిషన్‌కు అనుమానం వస్తుందన్న మాట నాకు బాగా నచ్చింది.

ఆ సంఖ్య ఒక కాగితం మీద అచ్చు వేసి ఇచ్చాడు. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. నేను కత్తెర తెప్పించాను. కాగితాన్ని మధ్యకు కత్తిరించి, పై నాలుగు గుంపులు నేను తీసుకుని, కింది నాలుగు ఆవిడకు ఇచ్చాను. డబుల్ లాక్. డాక్టరు గారు నవ్వారు గానీ వద్దనలేదు. నా సగం డైరీలోకి ఎక్కించి కాగితం కాల్చేశాను. ఆవిడ తన పాటల పుస్తకం వెనక అట్ట లోపల మూడేసి అంకెలుగా రాసుకుంది. చూసినవాళ్ళు ఆదివారం పాడాల్సిన పాటల నంబర్లు అనుకుంటారట. ఆ తెలివి చూసి నా అనుమానం ఇంకొంచెం పెరిగింది.

బొమ్మల నకలు ఇంకో డిస్కులో వేసి ఉంచుదామని డాక్టరు గారు రెండు మూడుసార్లు అన్నారు. నేనే సాగనివ్వలేదు. రెండో కాపీ ఉంటే దాన్ని కాయడానికి రెండో మనిషి కావాలి, ఆ మనిషిని ఎవరు కాస్తారని అడిగాను. ఆ మాట అప్పట్లో నాకు గొప్పగా తోచింది.

ఇక ఆ శుక్రవారం సంగతి. కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయిన మరుసటి వారం, ఎండలు అప్పుడే చురుక్కుమంటున్నాయి. బట్టీ పని పోయిన నలుగురిలో ఒకాయనకు సోమవారం ఉదయం గుంటూరులో మెడికల్ బోర్డు ఉంది. యాభై దాటినవాడు, పొడవాటి మనిషి, మాట్లాడితే మధ్యలో దగ్గు వస్తుంది గానీ మాట ఆపడు. ఆయన జబ్బు బట్టీ పని వల్లే వచ్చిందని బోర్డు ఒప్పుకోవాలంటే తొమ్మిదేళ్ళ బొమ్మలూ ముందుగా ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ వెబ్‌సైటు మా పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తెరుచుకోలేదు. బొమ్మలు పెన్ డ్రైవ్‌లో వేసి బయట ఇంకో కంప్యూటరు నుంచి పంపడానికి నేను ఒప్పుకోలేదు. కొత్తది వేస్తే తప్ప బొమ్మలు వెళ్ళవు, బొమ్మలు వెళ్ళకపోతే బోర్డు ముందు ఆయన కేవలం దగ్గే మనిషి. అంతే విషయం.

నరసరావుపేట నుంచి ఒక కంప్యూటరు మెకానిక్‌ను పిలిపించారు. నలభై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ ఏదో ఒకటి నముల్తూ మాట్లాడతాడు. బట్టీ ఆఫీసుల్లో కంప్యూటర్లు కూడా బాగు చేస్తానని తనే చెప్పుకున్నాడు. అది చాలు నాకు. కుర్చీ జరుపుకుని అతని పక్కనే కూర్చున్నాను. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "11.10, ఫోన్ వస్తే బయటికి వెళ్ళి మాట్లాడాడు. 11.25, పెన్ డ్రైవ్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎడమ జేబు."

"ఏంది బాబాయ్, నా మీద పరీక్ష పేపర్ దిద్దుతున్నట్టు రాస్తన్నావు?" అన్నాడు.

"నీ పని నువ్వు చూడు."

"చూస్తన్నాగా. కొత్త సిస్టమ్ ఎక్కాలంటే లోపల మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాం కూడా కొత్తది చెయ్యాల. అంతకుముందు డిస్కు తాళం ఒక గంట ఆపి పెడదాం. పనయ్యాక మళ్ళీ వేసేద్దాం."

"తాళం ఆపితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. మిషన్ గమ్మున ఉండిద్ది."

"ఆ గంటలో డిస్కులో ఉన్నదంతా తాళం లేకుండా ఉంటుందా?"

"ఉంటది. అయితే ఏంది? నువ్వు పక్కనే ఉన్నావుగా, నా జేబులు లెక్కపెట్టుకుంటా!"

ఒప్పుకోలేదు. స్ట్రాంగ్ రూము తలుపు గంటసేపు తెరిచి పెట్టడం నా సర్వీసులో జరగలేదన్నాను. అతను నమలడం ఆపి నా మొహం చూశాడు. "సరే, నలభై ఎనిమిది అంకెలు ఉన్నయ్యా మీ దగ్గర?" అని అడిగాడు. భద్రంగా ఉన్నాయన్నాను. "అయితే నీ ఇష్టం బాబాయ్. తర్వాత నన్ను అనబాకు" అని పని మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం రెండున్నరకు మిషన్ ఆగి మళ్ళీ లేచింది. ఎప్పుడూ వచ్చే బొమ్మకు బదులు నీలం తెర వచ్చింది. తనలో ఏదో మారిందని దానికి అనుమానం వచ్చింది, సంఖ్య అడుగుతోంది. నాకు గర్వంగా అనిపించింది. డైరీ తీశాను. మెకానిక్‌ను, ఆవిడను గోడవైపు తిరిగి నిలబడమన్నాను. నా నాలుగు గుంపులు కొట్టి, నేను గోడవైపు తిరిగాను. ఆవిడ తన నాలుగు కొట్టింది.

సంఖ్య తప్పు అంది మిషన్.

మళ్ళీ కొట్టాం. మళ్ళీ తప్పు. మూడోసారి ఒక్కో అంకె వేలితో పట్టుకుని కొట్టాను. ఆవిడా అలాగే కొట్టింది. తప్పు.

"మీ సగం సరిగ్గా రాసుకున్నారా?" అని ఆవిడను అడిగాను. అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే.

"రాసుకున్నా సార్."

"నాలుగేళ్ళలో ఆ పుస్తకం ఎవరి చేతికైనా వెళ్ళిందా? మీ తమ్ముడి చేతికి?"

ఆవిడ పుస్తకం మూసింది. "మా తమ్ముడు చర్చికే రాడు సార్. పాటల పుస్తకం ఏం చేసుకుంటాడు?"

"పాటల కోసం కాకపోవచ్చు. సోమవారం బొమ్మలు వెళ్ళకపోతే ఎవరికి లాభమో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

గుమ్మం బయట బెంచీ మీద బోర్డుకు వెళ్ళాల్సిన మనిషి పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాడు. మా మాటలన్నీ వింటున్నాడని అప్పుడు గమనించాను. దగ్గు ఆపుకుని, "ఆ అమ్మాయి కాదులే సారూ" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"తెలుసులే. పెట్టె తెరిచే సంగతి చూడండి ముందు. ఆ నీలం తెర చూడబోతే నాకంటే ముందు అదే పోయేట్టుంది."

మెకానిక్ నవ్వాడు. నేను నవ్వలేదు. డైరీలో రాసుకున్నాను: "ఆమె కాదని అంత ఖాయంగా ఎలా చెబుతున్నాడు? విచారించాలి." ఆయన మీద కూడా అనుమానం వచ్చిందన్నమాట. పోగొట్టుకునేవాడు ఆయనే అయినా.

డాక్టరు గారికి చెప్పాను. ఎలా చెప్పానంటే, నా సగం సరిగ్గానే ఉందని, రెండో సగం సంగతి నాకు తెలియదని. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధమని అప్పుడు అనుకోలేదు. ఆయన ఆవిడను సోమవారం లోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆ మెమో టైపు చేసింది నేనే. ఆవిడ సంతకం పెట్టి తీసుకుని, మడిచి, పాటల పుస్తకంలోనే పెట్టుకుంది.

శనివారమంతా మెకానిక్ ఏవేవో ప్రయత్నాలు చేశాడు. లోపలి ప్రోగ్రాం మళ్ళీ పాతది చేసి చూశాడు. మిషన్ నమ్మలేదు. ఒకసారి అనుమానం వచ్చాక వెనక్కి వెళ్ళినా పోదట. బెంచీ మీద మనిషి శనివారం కూడా వచ్చి కూర్చున్నాడు. వద్దన్నా పోలేదు.

"ఇంటికాడ మటుకు నేను చేసేదేముంది? ఇక్కడైతే ఫ్యాను ఉంది" అన్నాడు.

"సోమవారం బోర్డుకు వెళ్ళి పరిస్థితి చెబుదాం, ఇంకో తారీఖు ఇస్తారేమో" అన్నాను.

"ఇది రెండో తారీఖు సారూ. మూడోది ఇవ్వరంట. నేనూ ఇవ్వలేనేమో."

ఆదివారం ఉదయం మెకానిక్ ఫోన్ చేశాడు. సెలవు రోజు పని మానుకుని వస్తున్నానన్నాడు. ఎందుకని అడిగితే, "నా చేతిలో పోయిందన్న పేరు నాకొద్దు బాబాయ్. ఇంకోటి, హైదరాబాదులో మా వాడొకడు చెప్పాడు. ఆ గుంపులున్నయ్యే, ఒక్కోటి పదకొండుతో శేషం లేకుండా భాగం పోవాలంట. తప్పు యాడుందో దాంతో తెలిసిద్ది" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. బొమ్మలు దొరుకుతాయని కాదు. ఆవిడ సగంలో తప్పు లెక్కతో సహా చూపించవచ్చని. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ రోజు పేజీలో నా చేత్తో అదే రాసి ఉంది: "రుజువు దొరుకుతుంది."

ఆవిడ ప్రార్థన అయ్యాక అటునుంచి అటే వచ్చింది. తెల్ల చీర, చేతిలో పుస్తకం. బల్ల దగ్గర ముగ్గురం చేరాం. బెంచీ మీది మనిషిని ఎవరూ పిలవలేదు, ఆయనే లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"ముందు మీ నాలుగూ చదవండి" అన్నాను.

"గోడవైపు తిరగరా సార్?" అంది.

ఆవిడ చదివింది. మొదటి గుంపు 517033. పదకొండుతో భాగం పోతుందో లేదో చూడడానికి మా హైస్కూలు లెక్కల మాస్టారు నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడాలి. అయిదు, ఏడు, మూడు కలిస్తే పదిహేను. ఒకటి, సున్నా, మూడు కలిస్తే నాలుగు. తేడా సున్నా గానీ పదకొండు గానీ వస్తే సరి. పదకొండు వచ్చింది. రెండో గుంపు సరి. మూడోది సరి. నాలుగోది రెండుసార్లు కూడాను. సరి.

మెకానిక్ సెల్‌ఫోనులో కూడా చేసి చూశాడు. "ఆమెవి నాలుగూ కరెక్టే బాబాయ్."

"ఇప్పుడు మీవి చూద్దాం సార్" అంది ఆవిడ. గొంతు పెంచలేదు.

మొదటిది సరి. రెండోది సరి. మూడోది 384037. మూడు, నాలుగు, మూడు, పది. ఎనిమిది, సున్నా, ఏడు, పదిహేను. తేడా అయిదు. మళ్ళీ కూడాను. అయిదే. పెన్ను మార్చి కాగితం మీద నిలువుగా భాగహారం వేశాను. అయిదు మిగిలింది.

బయట లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. నేను ఇంటికి వెళ్ళి వస్తానని చెప్పి, మెకానిక్ బండి మీద వెళ్ళి, నాలుగేళ్ళ కిందటి డైరీ తెచ్చాను. రోజూ వెంట తెచ్చుకునే డైరీలో ఉన్నది ఏటేటా తిరగరాసిన నకలు. అసలు రాసుకున్న పేజీలో కూడా 384037 అనే ఉంది. తిరగరాయడంలో తప్పు పోలేదు. అదే పేజీలో కింద, ఆ రోజుకు ఆఖరి వాక్యం: "డిస్కు సంఖ్య విషయంలో తగిన జాగ్రత్త తీసుకున్నాను."

ఏం జాగ్రత్త?

ఆ వాక్యం చూస్తూ ఉండగా మెల్లగా గుర్తుకొచ్చింది. డైరీ ఎవరైనా కాజేస్తే ఎలాగని ఆలోచించి, ఒక అంకె కావాలని తప్పు రాశాను. సరైన అంకె బుర్రలో ఉంచుకుంటే చాలనుకున్నాను. ఏది మార్చానో డైరీలో రాస్తే జాగ్రత్త ఏముంటుంది? అందుకని రాయలేదు. ఆ రోజు పెన్ను మూత పెడుతూ ఎంత మురిసిపోయానో కూడా గుర్తుకొచ్చింది. అంకె మాత్రం గుర్తుకు రాలేదు. ఇప్పటికీ రాదు.

చెప్పక తప్పలేదు. చెప్పాను.

మెకానిక్ తల పట్టుకున్నాడు. "అంటే ఏంది బాబాయ్, నీ డైరీ నువ్వే కొట్టేస్తావని ముందే అనుకున్నావా?"

బెంచీ మనిషికి నవ్వూ దగ్గూ కలిసి వచ్చాయి. ఆవిడ వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ముందు ఆయనకిచ్చి, తర్వాత నాకిచ్చింది.

కుదురుగా ఆలోచిస్తే దారి ఉంది. మార్చింది ఒక్క అంకెనే. అది ఆరు స్థానాల్లో ఏదైనా కావచ్చు. కానీ ఒక్కో స్థానంలో ఏ అంకె పెడితే పదకొండుతో భాగం పోతుందో చూస్తే, ఒక్కటే కుదురుతుంది. అంటే మొత్తం ఆరు సంఖ్యలు. ఎడమ నుంచి వరసగా కాగితం మీద వేశాను. మొదటి అంకె మారిస్తే 884037. రెండోది మారిస్తే 334037. అలా ఆరూ.

గోడవైపు తిరగడాలు అయిపోయాయి. నేను నాలుగు గుంపులు పైకి చదివాను, మెకానిక్ కొట్టాడు, ఆవిడ తన నాలుగు పైకి చదివింది. నాలుగేళ్ళు దాచిన సంఖ్య తలుపు బార్లా తీసి అంగడిలో కూరగాయల ధరల్లా అరిచి చెప్పుకున్నాం. మొదటిది తప్పు. రెండోది తప్పు. మూడోది తప్పు. మిషన్ ఆపి మళ్ళీ వేయాల్సి వచ్చింది. నాలుగోది తప్పు. నా చేతిలో కాగితం చెమటకు మెత్తబడింది. మార్చింది ఒక్క అంకె కాక రెండైతే? ఆ సంగతి నేను ఎవరితో అనలేదు.

అయిదోది, 384087. మూడు, నాలుగు, ఎనిమిది పదిహేను. ఎనిమిది, సున్నా, ఏడు పదిహేను. రెండువైపులా తక్కెడలా సమానం.

ఆవిడ తన ఆఖరి గుంపు చదవడం అయిపోయింది. మెకానిక్ మీట నొక్కాడు. నీలం తెర పోయింది. నల్లగా అయింది. ఆ నలుపు ఎంతసేపుందో డైరీలో రాయలేదు, గడియారం చూడడం మరిచిపోయాను. నా సర్వీసులో అలా మరిచిపోవడం అదే మొదలు. తర్వాత తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగాయి.

"లేచింది, లేచింది" అన్నాడు మెకానిక్.

మెకానిక్ కొత్త సిస్టమ్ వేయడం అయ్యాక, సాయంత్రం ఆరున్నరకు తొమ్మిది బొమ్మలూ వెబ్‌సైటుకు ఎక్కాయి. పంపే ముందు ఆయన ఒకసారి చూపించమన్నాడు. వరసగా తెర మీద పరిచాను. మొదటి బొమ్మలో పక్కటెముకల మధ్య చీకటి నిర్మలంగా ఉంది. తొమ్మిదో దాంట్లో సున్నం చిలకరించినట్టు ఉంది. "ఇదంతా నేనేనా?" అన్నాడు. సోమవారం బోర్డు ఆ బొమ్మలు చూసింది. జబ్బు పని వల్ల వచ్చిందేనని రాసిచ్చిన కాగితం నెల తిరక్కుండా వచ్చింది.

ఇక్కడితో ఆపితే నాకు సుఖంగానే ఉంటుంది. అంకె ఒకటి మరిచిపోయిన ముసలాయన కథగా మిగిలిపోతుంది. కానీ ఆ అయిదు శేషం నన్ను వదల్లేదు. నా డైరీలో నా చేత్తో రాసింది నేనే ఎరగకపోతే, ఇంకా ఏమేం ఎరగనో? జాబితా పొక్కిన సంగతికి సంబంధించిన పేజీలు అంతకుముందు చాలాసార్లు చదివాను, ఆవిడ కోసం. ఆ ఆదివారం రాత్రి మాత్రం నా కోసం చదివాను. పొక్కడానికి మూడు రోజుల ముందు పేజీలో ఇది దొరికింది: "మా జిరాక్స్ మిషన్ పని చేయలేదు. జాబితా తీసుకుని హైవే పక్క షాపుకు వెళ్ళి కాపీ తీయించాను. మొదటిది మసకగా వచ్చింది. రెండోది బాగుంది, ఫైలులో పెట్టాను."

మొదటిది ఏమైందో రాసి లేదు. ఆ షాపులోనే లారీలవాళ్ళు తమ బిల్లులు కాపీ తీయించుకుంటారు.

మరుసటి సాయంత్రం, బెంచీ మనిషి గుంటూరు నుంచి తిరిగొచ్చాక, ఆయన ఇంటికి వెళ్ళాను. బట్టీల వెనక రెండు గదుల ఇల్లు. మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"ఆ రోజు, ఆమె కాదని అంత ఖాయంగా అన్నావే, ఎట్లా తెలుసు నీకు?" అని అడిగాను.

"ఇప్పుడెందుకు సారూ అది."

"చెప్పు."

"పని మానేయమన్నప్పుడు బట్టీ గుమస్తా నా ముందర కాగితం పరిచాడు. చూడు, మీ ఆసుపత్రోళ్ళే రాశారు, నేను కాదు అన్నాడు. మసకమసగ్గా ఉంది. కింద మీ సంతకం ఉంది. ఆ తోక చుట్టే సంతకం ఇంకెవరు పెడతారు?" కాసేపు దగ్గి, ఊపిరి సర్దుకున్నాడు. "మీరు అమ్ముకోలేదని నాకు తెలుసు. అమ్ముకునేవాడైతే బాగా వచ్చిన కాపీ ఇస్తాడు."

"నాలుగేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు పని మానుకుని పొయ్యేవాళ్ళు. నా బొమ్మలు ఎవరు కాస్తారు? చానామందిని చూశా గానీ సారూ, ఇంత అనుమానం మనిషి మళ్ళీ దొరుకుతాడా?"

వాళ్ళావిడ టీ ఇస్తే తాగాను. లేచేటప్పుడు క్షమించమని అనబోతే, "ఆ అమ్మాయికి చెప్పండి ముందు. మెమో నాకియ్యలేదుగా" అన్నాడు.

మరుసటి ఉదయం డాక్టరు గారికి ఒక నోట్ రాశాను. మెమో ఉపసంహరించాలని, తప్పు నాదని, నాలుగేళ్ళ కిందటి జాబితా పొక్కింది కూడా నా వల్లనేనని, రుజువుగా డైరీ పేజీలు రెండు జత చేస్తున్నానని. ఆ నెలాఖరుకు పని మానుకుంటానని కూడా రాశాను. నోట్, డైరీ ఆవిడ బల్ల మీద పెట్టి, చదివాక డాక్టరు గారికి ఇవ్వమన్నాను.

ఆవిడ నిలబడే చదివింది. హైవే షాపు పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. ఆ ఏడాది డైరీలో తన గురించి ఏమేం రాశానో చూడాలనుకుంటే, చేతిలోనే ఉంది. ఒక్క పేజీ కూడా అటూ ఇటూ తిప్పలేదు. పాటల పుస్తకంలోంచి మడిచిన మెమో తీసి నోట్ కింద పెట్టింది. డైరీ మూసి చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఫైల్లో పెట్టాలంటే ఈ రెండు పేజీలకీ కాపీలు కావాలిగా సార్," అంది. "యాడ తీయించమంటారు?"